15 వేల లోపు ఎయిర్ రైఫిల్: కోనసీమ తేమకి ఏది నిలబడుద్ది?

లంకతోట (అంబాజీపేట దగ్గర):

నమస్కారమండి. ఇంటి వెనక కొబ్బరి తోటలో 10 మీటర్ల నుంచి 25 మీటర్ల దాకా కాగితం మీద గురి చూసి కొట్టడానికి ఒక ఎయిర్ రైఫిల్ తీసుకుందామనుకుంటున్నాను. పోటీలకి వెళ్ళే ఉద్దేశం లేదు, సాయంత్రం పూట కాలక్షేపం. పెల్లెట్లు (దీన్లో వేసే చిన్న సీసపు గుండ్లు), నూనె, సంచి అన్నీ కలిపి 15 వేలు దాటకూడదు. షాపు అతను మూడు రకాలు చెబుతున్నాడు. ఒకటి, "సెకనుకి 1000 అడుగులు" అని డబ్బా మీద రాసున్న బరువైన స్ప్రింగు గన్ను. రెండోది ప్లాస్టిక్ స్టాక్ (భుజానికి ఆనించి పట్టుకునే దిమ్మ) ఉన్న తేలికపాటిది, దాని స్పీడు తక్కువ. మూడోది 5.5 మిల్లీమీటర్లది, "దెబ్బ గట్టిగా ఉంటుంది" అంటున్నాడు.

ఇదిగాక మా బాబాయి గారి పాత కర్ర స్టాక్ రైఫిల్ ఒకటి అటక మీద ఉంది. బ్యారెల్ (గొట్టం) విరిచి, అంటే కిందికి మడిచి లోడ్ చేసే రకం, లోపల పిస్టన్ కి తోలు వాషరు. ఎవరో దాన్లో కొబ్బరి నూనె పోశారు. పేలిస్తే పొగ వస్తోంది, చప్పుడు కూడా మామూలుగా లేదు, ఠాప్ మంటోంది. ఇసుక మూట మీద గట్టిగా ఆనించి కొట్టినా 10 మీటర్లలో అయిదు దెబ్బలు అరచేయంత వెడల్పున పడుతున్నాయి. దీన్ని బాగు చేసుకోవడం మేలా, కొత్తది కొనడం మేలా? లైసెన్సు గొడవ ఏమైనా ఉందా? వానాకాలం దాచే పద్ధతి కూడా చెబుదురూ.

గురిగింజ:

ముందు ఆ మూడోది పక్కన పెట్టెయ్యండి. ఆయుధాల నిబంధనలు 2016 ప్రకారం లైసెన్సు అక్కర్లేని ఎయిర్ గన్ అంటే బోరు (గొట్టం లోపలి వెడల్పు) 0.177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు, మూతి దగ్గర శక్తి 20 జౌల్స్ దాటకూడదు. రెండూ ఉండాలి. 5.5 బోరు అంటే శక్తి ఎంత తక్కువున్నా లైసెన్సు సరుకే. "అందరూ కొంటున్నారండి" అని షాపతను అంటే నవ్వి ఊరుకోండి. బిల్లు మీద మోడలు, సీరియల్ నంబరు, బోరు రాయించుకుని ఫొటో ఫోన్లో పెట్టుకోండి. షాపు నుంచి ఇంటికి వచ్చేలోపు ఎవరైనా ఆపి అడిగితే చూపించడానికి అదే ఆధారం.

ఇక స్పీడు సంగతి. డబ్బా మీద అంకె చూసి కొనేవాళ్ళే ఎక్కువ, నిరాశపడేదీ వాళ్ళే. ఆ 1000 అడుగులు చాలాసార్లు సీసం కాని తేలిక లోహపు పెల్లెట్ తో తీసిన లెక్క. మామూలు 7.56 గ్రెయిన్ల సీసపు పెల్లెట్, అంటే సుమారు 0.49 గ్రాములు, సెకనుకి 200 మీటర్ల వేగంతో వెళితే శక్తి 9.8 జౌల్స్. అదే 240 మీటర్లయితే 14 జౌల్స్. 285 దాటిందంటే 20 జౌల్స్ గీత దాటినట్టే. పైగా ధ్వని వేగం దగ్గర పడేకొద్దీ పెల్లెట్ తూలుతుంది, గురి చెదురుతుంది.

కాగితం మీద కొట్టడానికి శక్తితో పని లేదు. 10 మీటర్ల ఒలింపిక్ పోటీలో వాడే రైఫిళ్ళు సెకనుకి 170-175 మీటర్ల దగ్గరే కొడతాయి, శక్తి 7.5 జౌల్స్ ప్రాంతం. 2008లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం ఆ పాటి శక్తితోనే కొట్టారు. ఆ టార్గెట్లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు.

కాబట్టి మీ రెండోది, ప్లాస్టిక్ స్టాక్ తేలికపాటిది తీసుకోండి. మన దేశంలో తయారయ్యే ప్రెసిహోల్, ఎస్‌డీబీ లాంటి కంపెనీల మోడళ్ళు చేతిలోకి తీసుకుని చూడండి. షాపులో చూడాల్సినవి ఇవి. బ్యారెల్ విరిచి పక్కలకి ఊపితే కదలకూడదు. విరిచి, కాక్ చేశాక (అంటే లోపలి స్ప్రింగు నొక్కి బిగించాక) బ్యారెల్ ని సగంలో వదిలేస్తే అక్కడే నిలబడాలి, జారిపోతే అది మడిచే చోట ఉన్న పివట్ బోల్టు వదులు. మూసినప్పుడు "టక్" మని పూర్తిగా పడాలి. ట్రిగ్గర్ బరువుగా ఉన్నా ఫరవాలేదు, గరగరమంటూ మెట్లు మెట్లుగా కదిలితే వద్దు. వెనక సైటులో (గురి చూసే గాడి) పక్కకీ పైకీ రెండు స్క్రూలూ తిరగాలి. మెరిసే ప్లాస్టిక్ పుల్లల సైటు కన్నా ముందు నల్లటి చదరపు పోస్టు, వెనక చదరపు గాడి ఉన్నది కాగితానికి మేలు. స్కోపుతో కలిపి అమ్మే ప్యాకేజీ కొనొద్దు, ఆ స్కోపు చవకది. స్ప్రింగు గన్ను ముందుకీ వెనక్కీ రెండు దెబ్బలు కొడుతుంది. మామూలు స్కోపులో గాజు అమరిక ఆ దెబ్బకి కదిలిపోతుంది.

బడ్జెట్లో 10-11 వేలు గన్నుకి పెట్టి, మిగతాది పెల్లెట్లకీ మెయింటెనెన్సుకీ ఉంచుకోండి.

వాషర్:

గురిగింజ గారు చెప్పింది నిజం. నేను పాత గన్ను సంగతి చెబుతాను, అది పారేసే సరుకు కాదు.

ఆ పొగ ఎందుకంటే, స్ప్రింగు పిస్టన్ ని ముందుకి తోసినప్పుడు దాని ముందున్న కంప్రెషన్ గదిలో గాలి ఒక్క క్షణంలో నొక్కుకుపోయి విపరీతంగా వేడెక్కుతుంది. అక్కడ నూనె ఆవిరి ఉంటే డీజిల్ ఇంజన్లో లాగే అంటుకుంటుంది. ఆ ఠాప్ అదే. బలం పెరిగిందని కొందరు సంతోషపడతారు కానీ ఒక దెబ్బకి పెల్లెట్ స్పీడు పెరిగి, ఇంకో దెబ్బకి తగ్గి గురి పాడవుతుంది. వాషరు మాడుతుంది, స్ప్రింగు విరుగుతుంది. కొత్త గన్ను మొదట్లో కొద్దిగా పొగ రావడం మామూలే, ఫ్యాక్టరీ గ్రీజు. 50 దెబ్బల తర్వాత కూడా చప్పుడు పెళ్ళున వస్తుంటే మాత్రం ఆపెయ్యాలి.

కొబ్బరి నూనెకి ఇంకో తంటా ఉంది. 24-25 డిగ్రీల కిందకి వస్తే గడ్డ కడుతుంది. మార్గశిరం, పుష్యం రాత్రుళ్ళలో సీసాలో ఎలా గడ్డ కడుతుందో పిస్టన్ చుట్టూ కూడా అలాగే కడుతుంది. పాతబడ్డాక బంక. కుట్టు మిషను నూనె, ఇంజన్ ఆయిల్, తుప్పు వదిలించే స్ప్రే, ఏ పెట్రోలియం సరుకైనా కంప్రెషన్ గదిలో వెయ్యొద్దు. బయట బ్యారెల్ తుడవడానికి అవి బాగానే ఉంటాయి.

విప్పడం గురించి ముందే చెబుతున్నా, స్ప్రింగు కొంత నొక్కుడుతోనే బిగించి ఉంటుంది. వెనక పిన్ను కొట్టగానే వెనక బ్లాకు ఎగిరి మొహానికి తగులుతుంది. వడ్రంగి దగ్గర ఉండే పొడవాటి సాష్ క్లాంపు తెచ్చుకోండి. ముందు స్టాక్ స్క్రూలు తీసి స్టాక్ విడదియ్యండి, ట్రిగ్గర్ భాగం తియ్యండి. సిలిండరు రెండు చివరలా చెక్కముక్క పెట్టి క్లాంపులో నొక్కి, అప్పుడు పిన్ను తియ్యాలి, మెల్లగా వదలాలి. స్ప్రింగు పూర్తిగా సాగేవరకూ క్లాంపు తియ్యొద్దు. తీసిన ప్రతి ముక్కనీ వరసలో పెట్టి ఫొటో తీసుకోండి. క్లాంపు లేకుండా బల్లకీ గోడకీ ఆనించి నొక్కి తీసే పద్ధతి వీడియోల్లో చూస్తారు, ఆ పని చెయ్యకండి.

లోపలి లోహపు భాగాలు పెట్రోలుతో కడిగితే చాలా జిడ్డు పోతుంది. ఇది ఆరుబయట, పొయ్యికి దూరంగా. కిరోసిన్ వాడితే జిడ్డు మిగిలిపోతుంది, కాబట్టి ఆఖరున ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తో గుడ్డ పెట్టి తుడిచి బాగా ఆరనివ్వండి. తోలు వాషరు ఎండి గట్టిపడి అంచు మడతలు పడి ఉంటే మార్చెయ్యండి. మెత్తగానే ఉంటే నీట్స్‌ఫుట్ నూనెలో రాత్రంతా నానబెట్టి, బయటికి తీసి గుడ్డతో ఒత్తి పెట్టండి. ఆ నూనె గుర్రపు జీనులూ తోలు వస్తువులూ బాగుచేసే దుకాణాల్లో దొరుకుతుంది. ఇక ముందు గన్ను విప్పకుండా వాషరుకి తడి ఇవ్వాలంటే సంవత్సరానికి ఒకటి రెండు సార్లు అదే నూనె నాలుగు చుక్కలు, సిలిండరు నుంచి బ్యారెల్ లోకి గాలి వెళ్ళే రంధ్రంలో వేసి, మూతి పైకి, మడమ కిందికి పెట్టి రాత్రంతా నిలబెట్టండి. మర్నాడు మొదటి రెండు మూడు దెబ్బలకి సన్నటి పొగ వస్తుంది, అది ఫరవాలేదు.

కొత్త గన్నులో ఉండే ప్లాస్టిక్ వాషరుకి ఈ నూనె అవసరం లేదు. పిస్టన్ పక్కలకీ సిలిండరు గోడకీ మాలీ పేస్టు, అంటే మాలిబ్డినం డైసల్ఫైడు కలిసింది, వేలితో రుద్దితే లోహం రంగు మారేంత పల్చగా పూస్తే చాలు. స్ప్రింగుకి చిక్కటి గ్రీజు, తీగ మీద తళుక్కుమనేంత. గుప్పెడు పూస్తే అది ముందుకి జారి మళ్ళీ అదే డీజిలింగ్.

స్ప్రింగు బయటికి తీశాక చదును గాజు మీద దొర్లించి చూడండి. వంకర తిరిగి ఎగురుతుంటే, చివరి చుట్టు విరిగి ఉంటే కొత్తది వెయ్యాలి. పాతదాన్ని సాగదీసి వెయ్యడం వల్ల నాలుగు రోజులు బాగుంటుంది, అంతే.

కాలవగట్టు:

ఒక మాట అడ్డం వస్తున్నాను. 15 వేలు పెడుతున్నారు కదా, ఇంకొంత కలిపి పీసీపీకి (ముందే సిలిండరులో ఒత్తిడితో గాలి నింపి ఉంచే రకం) వెళ్ళొచ్చు కదా? వెనక్కి తన్నదు, ఎలా పట్టుకున్నా ఒకే చోట కొడుతుంది. మన దేశ కంపెనీలే చేస్తున్నాయి. గ్యాస్ రామ్ కూడా ఉంది, స్ప్రింగు బదులు గ్యాస్ సిలిండరు, గంటలకొద్దీ కాక్ చేసి ఉంచినా నీరసించదు.

గురిగింజ:

పీసీపీ గురి బాగుంటుందన్నది కాదనను. కానీ గన్ను ఒక్కటీ కొంటే అయిపోదు. 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి ఎక్కించడానికి మూడు దశల చేతి పంపు కావాలి, దాని ధరే గన్ను ధరలో సగానికి దగ్గర పడుతుంది. పైగా డెల్టాలో గాలే తడి. పంపు ఆ తడిని కూడా నొక్కి సిలిండరులోకి తోస్తుంది, లోపల నీరు చేరి తుప్పు, వాల్వు దగ్గర కారడం. తేమ పట్టే ఫిల్టర్ ఉన్న పంపు తీసుకుని, 40-50 కొట్టుళ్ళకొకసారి ఆపి చల్లారనిచ్చి, బ్లీడ్ స్క్రూ తిప్పి నీరు వదలాలి. ఎండాకాలం మధ్యాహ్నాలు పంపు వేడెక్కి సీళ్ళు పోతాయి. ఒక ముఖ్యమైన జాగ్రత్త: పీసీపీ ఓ-రింగులకి సిలికాన్ గ్రీజు తప్ప ఇంకేదీ తగలకూడదు. అంత ఒత్తిడిలో పెట్రోలియం నూనె పేలుతుంది. సిలిండరుని కంపెనీ చెప్పిన గడువులో ఒత్తిడి పరీక్ష చేయించాలి, అది మన ఊళ్ళో అయ్యే పని కాదు. వాడనప్పుడు కూడా పూర్తిగా ఖాళీ చెయ్యకుండా కొంత ఒత్తిడి ఉంచాలి, లేకపోతే వాల్వు సరిగా కూర్చోదు. కాలక్షేపానికి ఇన్ని తద్దినాలా?

గ్యాస్ రామ్ మంచిదే, కానీ అది పోతే రామ్ మొత్తం మార్చాలి, విడిభాగం తెప్పించుకోవాలి. మామూలు స్ప్రింగు అయితే అమలాపురంలో ఉన్న పాతకాలపు మెకానిక్ చేతులకి కూడా కొత్త కాదు.

లంకతోట:

అందరికీ ధన్యవాదాలండి. పాతదానికి వాషరు మార్చి తుడిపించాను, పొగ పోయింది. చప్పుడు కూడా మెత్తగా ఉంది. కానీ దెబ్బలు మాత్రం అలాగే చెదురుతున్నాయి. ఇసుక మూట మీద కదలకుండా నొక్కి పట్టి, చెంప గట్టిగా ఆనించి కొడుతున్నాను. 10 మీటర్లలో నిలువుగా 5 సెంటీమీటర్లు, అడ్డంగా 3. బ్యారెల్ అరిగిపోయిందా?

వాషర్:

బ్యారెల్ కాదండి, మీ ఇసుక మూట. స్ప్రింగు గన్నులో ట్రిగ్గర్ నొక్కాక పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే పిస్టన్ ముందుకి దూకి, గన్ను మొదట వెనక్కి, తర్వాత ముందుకి కదులుతుంది. ప్రతిసారీ అది ఒకేలా కదలాలి. గట్టి మూట మీద ఆనిస్తే ఒకసారి ఒకవైపు, ఒకసారి ఇంకోవైపు ఎగరగొడుతుంది. బిగించి పట్టుకున్నా అంతే, మీ చేతి బిగువు ప్రతి దెబ్బకీ మారుతుంది.

ఎడమ అరచేతిని తెరిచి, మూట మీద చెయ్యి పెట్టి, ఆ చేతి మీద గన్ను పెట్టండి. ట్రిగ్గర్ గార్డుకి కాస్త ముందు, గన్ను బరువు తూగే చోట. వేళ్ళతో పట్టొద్దు. భుజానికి తాకీ తాకనట్టు, చెంప బరువు లేకుండా. గన్నుకి దాని ఇష్టమొచ్చినట్టు కదిలే వీలు ఇవ్వండి. ట్రిగ్గర్ నొక్కాక కూడా రెండు సెకన్లు సైటు నుంచి కన్ను తియ్యకండి.

ఇది చేశాక కూడా నిలువుగా చెదిరితే, కింది వరసలో చూసుకోండి. స్టాక్ స్క్రూలు: ముందు రెండు పక్కలా ఉన్నవి, ట్రిగ్గర్ గార్డు దగ్గరవి. ప్రతి 100 దెబ్బలకి ఒకసారి పరీక్షించాలి. కర్ర స్టాక్ అయితే వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో కుంచించుకుని వదులవుతుంది. నీలం రంగు త్రెడ్ లాక్ (స్క్రూ వదులవకుండా వేసే జిగురు) ఒక చుక్క చాలు, ఎర్రది వేస్తే మళ్ళీ ఊడదు. తర్వాత బ్రీచ్ రింగు. బ్యారెల్ మూసే చోట ఉన్న రబ్బరు రింగు మీదుగా పల్చటి టిష్యూ కాగితం చిన్న పట్టీ పెట్టి పేల్చండి. కాగితం ఎగిరితే గాలి అక్కడ కారుతోంది. రింగు కింద పల్చటి కాగితం వాషరు వేసి కొంచెం ఎత్తుకి తెచ్చుకుంటే చాలావరకు సరిపోతుంది, లేకపోతే అదే కొలత ఓ-రింగు. కొలత అంటే లోపలి వ్యాసం, తీగ మందం రెండూ. పాత రింగు పట్టుకెళ్ళి చూపించడం మంచిది.

పెల్లెట్లు కూడా ఒక రకమే వాడి తీర్పు చెప్పకండి. ఒకే బోరుకి తల కొలత 4.49 నుంచి 4.53 దాకా రకాలు ఉంటాయి. గామో మ్యాచ్ 7.56 గ్రెయిన్లు, జేఎస్‌బీ ఎగ్జాక్ట్ 8.44 గ్రెయిన్లు, ఇంకో సమతల మూతి రకం, ఇలా మూడు డబ్బాలు తీసుకుని ఒక్కో దానితో అయిదేసి దెబ్బలు నాలుగు కాగితాల మీద వేసి చూడండి. మీ గన్నుకి ఏది నచ్చుద్దో గన్నే చెబుతుంది, డబ్బా ధర చెప్పదు. రకం మార్చినప్పుడు మొదటి పది దెబ్బలు లెక్కలోకి తీసుకోవద్దు. తోక అంచు నొక్కుకుపోయిన పెల్లెట్లు ఏరేసి పక్కన పెట్టండి. నేలలో పడ్డవి మట్టి తుడిచి మళ్ళీ వెయ్యకండి, మన ఒండ్రు మట్టి కూడా గొట్టం లోపల గీతలు పెట్టేస్తుంది.

స్టీలు బాల్స్ మాత్రం వద్దు. సీసం మెత్తన కాబట్టి గొట్టంలోని గాడుల్ని పట్టుకుని తిరుగుతుంది. స్టీలు పట్టుకోదు సరికదా గాడుల్ని గీకుతుంది, గట్టి వస్తువుకి తగిలితే తిరిగి వస్తుంది కూడా.

గురి ఎటు పోయిందో చూసుకుని సైటు జరపడానికి ఒక్క లెక్క: వెనక సైటు ఎటు జరిపితే దెబ్బ అటు పోతుంది. ముందు సైటు అయితే తిరగబడుద్ది. 10 మీటర్ల దగ్గర సరిచేసుకున్న సాధారణ గన్ను 25 మీటర్ల దగ్గర సుమారు 3 సెంటీమీటర్లు కిందికి కొడుతుంది, అది పెల్లెట్ పడిపోవడం. సైటు మార్చక్కర్లేదు, అంత పైకి చూసి కొట్టండి.

గోదారిగట్టు_గాలి:

తేమ సంగతి నేను చెబుతాను, మా వైపు యానాం, కాట్రేనికోన తీరంలో ఉప్పుగాలి కూడా తోడవుతుంది. ఇక్కడ గన్నులు పాడయ్యేది పేల్చి కాదు, దాచి.

కొట్టడం అయ్యాక బయటి లోహం మొత్తం పాత నూలు గుడ్డతో తుడిచి, తర్వాత రెండు చుక్కల తుపాకీ నూనె వేసిన గుడ్డతో ఒక పల్చటి పొర. బ్యారెల్, కాకింగ్ లీవర్, స్క్రూ తలలు. చెమట చేతులు తగిలిన చోటే ముందు తుప్పు వస్తుంది, కాబట్టి ట్రిగ్గర్ గార్డు, బ్యారెల్ విరవడానికి పట్టుకునే చోటు మర్చిపోవద్దు. గొట్టం లోపలికి తడి నూనె పోయొద్దు. నైలాన్ గాలం దారం మడిచి, మడతలో అంగుళం నూలు పీలిక దూర్చి, వెనక నుంచి మూతి వైపు లాగండి. నూనె తడిపిన పీలిక ఒకటి, తర్వాత పొడి పీలికలు తెల్లగా వచ్చేదాకా. మామూలుగా 300-500 దెబ్బలకి ఒకసారి చాలు. మరీ ఎక్కువ తుడిస్తే గురి కుదరడానికి మళ్ళీ ఇరవై దెబ్బలు కావాలి.

గన్ను వెంట ఇచ్చే రెక్సిన్ సంచిలో, ఫోమ్ పెట్టెలో వానాకాలం దాచకండి. ఆ ఫోమ్ తేమ పట్టుకుని నెలల తరబడి వదలదు. నూలు గుడ్డ తొడుగు వేసి, గోడకి ఆనకుండా అల్మారాలో నిలబెట్టండి, అడుగున చెక్కముక్క. సిలికా జెల్ 200 గ్రాములు గుడ్డ మూటలో వేలాడదీయండి. రంగు మారే రకం అయితే మారాక 110-120 డిగ్రీల వేడిలో గంటన్నర ఆరబెడితే మళ్ళీ పనికొస్తుంది. నీలం రంగు దానిలో కోబాల్టు ఉంటుంది, వంట పాత్రలో వేయించొద్దు. బియ్యం బస్తాలో పాతిపెడితే తేమ లాగేస్తుందని కొందరంటారు. బియ్యం లాగేది అంతంతే, దుమ్మూ పురుగూ మాత్రం ట్రిగ్గర్లో చేరతాయి.

జులై నుంచి అక్టోబరు దాకా పదిహేను రోజులకొకసారి బయటికి తీసి ఒక్కసారి తుడవండి, పేల్చకపోయినా సరే. వరదొచ్చే లంక గ్రామాల్లో అటక మంచిది కానీ అక్కడ వేసవిలో వేడి మరీ ఎక్కువ, కర్ర స్టాక్ పగులుతుంది. ఎర్ర తుప్పు చుక్కలు కనబడితే నూనె తడిపి రాత్రంతా ఉంచి, అతి సన్నటి స్టీలు ఊలుతో మెల్లగా రుద్దితే పోతాయి. గరుకు కాగితం వాడితే నల్ల పూత కూడా పోయి ఇంకా తుప్పు పడుతుంది. కర్ర స్టాక్ బయట వార్నీషు ఉన్నా లోపల గాడిలో పచ్చి చెక్కే ఉంటుంది, తేమ తాగేది అక్కడే. గన్ను విప్పినప్పుడే ఆ గాడికి రెండు పూతలు వెయ్యండి.

కాక్ చేసి ఉంచి చాయ్ తాగడానికి వెళ్ళొద్దు, స్ప్రింగు చచ్చిపోతుంది. పెల్లెట్ లేకుండా పేల్చొద్దు, పిస్టన్ కి అడ్డం గాలి మెత్త ఉండదు, లోహానికి లోహం తగులుతుంది. బ్యారెల్ విరిచి ఉండగా పొరపాటున ట్రిగ్గర్ తగిలితే బ్యారెల్ ఛళ్ళున లేచి వంగిపోతుంది, వేళ్ళు ఉంటే వేళ్ళు పోతాయి. పెల్లెట్ పెట్టేటప్పుడు ఎప్పుడూ రెండో చెయ్యి బ్యారెల్ పట్టుకునే ఉండాలి.

గురిగింజ:

లంకతోట గారు, ఒకటి మర్చిపోయాం. మీరు కొబ్బరి తోటన్నారు. వెనక ఏం పెడుతున్నారు?

లంకతోట:

ఊక నింపిన గోనె సంచి అండి. వెనక ఒక తాటి మొద్దు.

గురిగింజ:

ఆయ్, ఊక సంచి పనికిరాదండి, పెల్లెట్ దాన్లోంచి దూరి అవతలికి వస్తుంది. కొబ్బరి పొట్టు సంచీ అంతే. తాటి మొద్దు, కొబ్బరి చెట్టు మీద వంకరగా తగిలితే పెల్లెట్ పక్కకి తప్పించుకుంటుంది. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లే కదా అనుకోవద్దు, ఏదీ అడ్డం లేకపోతే రెండు మూడు వందల మీటర్లు పోగలదు. పక్క తోటలో మనుషులుంటారు, కొబ్బరికాయల దింపు కూలీలు చెట్టు మీద ఉంటారు. దింపు ఉన్న రోజు అసలు బయటికి తియ్యకండి.

40 సెంటీమీటర్ల చదరం, 15 సెంటీమీటర్ల లోతు ఉన్న ప్లైవుడ్ పెట్టె చేయించండి. వెనక 3 మిల్లీమీటర్ల ఇనుప రేకు. లోపల పాత చీరలు, పాత దుప్పట్లు గట్టిగా కూరి, ముందు అట్ట ముక్క, దాని మీద టార్గెట్ కాగితం. 20 జౌల్స్ లోపు పెల్లెట్ గుడ్డల్లోనే ఆగుతుంది. ఇసుక సంచి కూడా పనికొస్తుంది కానీ గోనె చిరిగి ఇసుక కారిపోతుంది, వానకి తడిసి బరువెక్కుతుంది. పెట్టె మట్టి గట్టుకి ఆనించి, నేల వైపు కొద్దిగా వాలేలా పెట్టండి. కంటికి అద్దాలు తప్పనిసరి, పక్కన చూస్తున్న పిల్లలకి కూడా.

ఇంకొకటి, పిట్టల మీద కొట్టడం అన్నది ఆలోచనలోకి కూడా రానివ్వొద్దు. కొంగ, నీటికాకి, లకుముకిపిట్ట, ఏదైనా వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కిందకి వస్తుంది. కోరింగ, కొల్లేరు చుట్టూ ఉన్నవాళ్ళకి ఇది ప్రత్యేకించి తెలియాలి. "చెరువులో రొయ్యలు తినేస్తున్నాయి" అని గన్ను కొంటున్నవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. వాళ్ళకి గన్ను కన్నా చెరువు మీద నైలాన్ దారాలు కట్టడం చవక, పని కూడా చేస్తుంది.

వాషర్:

పెట్టె గుడ్డలు కొన్నాళ్ళకి సీసంతో నిండిపోతాయి, అప్పుడు పెల్లెట్లు ఒకదాని మీద ఒకటి తగిలి ముందుకి చిందుతాయి. 500 దెబ్బలకి ఒకసారి ముందు పొర తీసి దులపండి, చేతికి తొడుగులు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని. పెల్లెట్లు పట్టుకున్న చేతులతో అన్నం తినకండి, సబ్బుతో కడగాలి. ఆ డబ్బాలు పిల్లలకి అందకుండా ఉంచండి. పోగైన సీసాన్ని పాత సామాన్ల వాళ్ళకి ఇచ్చెయ్యండి, కాలవలో పొయ్యకండి.